పడుకోబెట్టిన కార్డు

ప్రొద్దుటూరు,
12-8-2023.

పులివెందులలో ఉన్న ఇందిరమ్మక్కకు ఖమర్‌బీ సలాములు. మీ మోకాళ్ళు ఎట్లున్నాయో, మీ కొడుకు నారాయణ బీపీ మాత్రలు వేళకు వేసుకుంటున్నాడో లేదో అని ఇక్కడ నాకు దిగులు. ఫోన్ చేస్తే నారాయణే ఎత్తుతాడు, అందుకే ఉత్తరం. నా రాత కోడి గీకినట్లుంటుంది, ఓపిక చేసుకుని మీరొక్కరే చదవండి.

ముందు చెడ్డ కబురు. నా మనవడు షాహుల్ మెట్ల మీద జారి పడ్డాడు. కుడికాలి ఎముక రెండు తునకలైంది. మూడు నెలలు మంచం దిగకూడదన్నారు. ఇరవై ఒకటో తేదీ జమ్మలమడుగు కోర్టు వాయిదాకు వాడు రాలేడు. "మీ తాత మాదిరి జీపులో నా పక్క సీట్లో కూచోవాల్రా షాహులూ" అని నారాయణ పిలిచినాడు కదా. పోయిన నెల ఆ సీట్లో కూర్చున్నవాడి చెయ్యి వేటకొడవలి దెబ్బకు మోచేతి దాకా తెగి పడిందని విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు.

షాహుల్ నగల అంగడిలో మెరుగు పెడతాడు. సెలవునాడు స్నేహితులతో బొమ్మల కార్డులు ఆడతాడు. పేకాటేమోనని భయపడి పక్కన కూర్చుని చూశాను. "జూదం కాదు దాదీ, యుద్ధం" అన్నాడు. ఆడేవాడికి ఇరవై ప్రాణాలు. ఎదుటివాడు తన మృగాలను మీదికి తోలితే ప్రాణాలన్నా పోగొట్టుకోవాలి, తన కార్డు ఒకటి అడ్డమన్నా పెట్టాలి. మృగం పెద్దదైతే అడ్డం పెట్టింది చస్తుంది. చచ్చిన కార్డుల గుట్టకు ఖబరస్తాన్ అని పేరు పెట్టుకున్నారు. వాడి దగ్గరున్న ఎద్దు బొమ్మ నాకు ఇష్టం. దాన్ని అడ్డం పెట్టబోతుంటే, అది పోనంటే ఏం చేస్తావురా అని అడిగాను. వాడు నవ్వి, "కార్డును అడిగేదేంది దాదీ, చేతిలో పట్టుకున్నోని ఇష్టం. పక్కకు తిప్పి పడుకోబెట్టిన కార్డునైతే అడ్డం పెట్టేదానికి లేదు. అది రూలు" అన్నాడు.

ఆ మాటతో నాకు పాత సంగతి గుర్తుకొచ్చింది. ఇరవై రెండేళ్ళ కింద జమ్మలమడుగు దారిలో జీపు మీద బాంబులు పడిన రోజు, మా ఆయన అబ్దుల్ వాహిద్ మీ ఆయనకు అడ్డం పడి ప్రాణమిచ్చాడని ఊరంతా చెప్పుకున్నారు. మీరు ఫోటోకు దండ వేయించారు. ఏటా బియ్యం పంపారు. తిన్నాను, కాదనను. కానీ అక్కా, ఆస్పత్రిలో పేగులకు గుడ్డ చుట్టి పడుకోబెట్టినప్పుడు ఆయన నా చెవిలో చెప్పింది వేరు. "నేను అడ్డం పోలేదు. కిందికి దూకబోతాంటే అన్న నా కాలరు పట్టి ముందుకు గుంజినాడు" అన్నాడు. పొద్దు తిరగకముందే పోయాడు. మీ మనసు నొచ్చుకుంటుందని, బియ్యం ఆగిపోతాయని ఇన్నేళ్ళు నోరు మూసుకున్నాను.

నారాయణ చేతులు కూడా వాళ్ళ నాయన చేతుల మాదిరే పెద్దవి.

వాయిదాకు పోలీసులను తోడు అడగమనండి. ఆ బిడ్డ కోసమూ దువా చేస్తున్నాను.

ఇట్లు,
మీ ఉప్పు తిన్న
ఖమర్‌బీ

తా.క.: అక్కా, మా ఇంటికి మెట్లు లేవు, మీరు చూసిన ఇల్లే. నిన్న పొద్దున వాడు కాళ్ళు చాపుకుని కార్డులు పేర్చుకుంటుంటే రోకలి రెండు చేతులా ఎత్తి వేశాను. మొదటి దెబ్బకు విరగలేదు. "దాదీ, నేనే, నేను షాహుల్‌ను" అని అరిచాడు. రెండోది వేశాను. రోకలి కడిగి తలుపు పక్కనే పెట్టుకున్నాను. మూడు నెలల తర్వాత మళ్ళీ జీపు పంపాలనుకుంటే నారాయణకు చెప్పండి, వాడికి ఎడమకాలు ఇంకా ఉంది.