బాషా అడిగిన మాట

ఆదివారం, తిరుపతి

మా యువజన సంఘం చరిత్ర రాసే పని నాకే అప్పగించారు. ఫాసిజాన్ని శాంతితోనే ఎదిరించాలా, తిరిగి కొట్టాలా అని మాలో మేమే ఏళ్ల తరబడి వాదించుకున్నాం. శాంతి వైపు గట్టిగా నిలబడింది నేను. మతం పేరు చెప్పుకుంటూ ఒక గుంపు కర్రలతో మా సభ మీదికి వచ్చిన రోజు కూడా "ఎవరూ చెయ్యెత్తొద్దు" అన్నాను. మా సంఘంలో టైలర్ బాషా ఆ మాట విని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాళ్ల దెబ్బలకు అతని ఒక కన్ను పోయింది.

అతన్ని అడిగి ఆ రోజు గురించి రాద్దామని ఇవాళ అతని ఊరు పూతలపట్టు వెళ్లాను. చూపు ఆనక టైలరింగ్ మానేశాడట.

"నేను చెప్పింది తప్పా బాషా?" అని అడిగాను.

"తప్పని నేననను అక్కా. నువ్వు చెప్పినావు, నేను నమ్మినాను. ఒకటే అడుగుతా. వాళ్లు నన్ను కొడతా ఉన్నప్పుడు నువ్వు యాడుండావు?"

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగని మాట అది.

"హాల్లోకి పరిగెత్తి తలుపు గడియ పెట్టుకున్నాను" అన్నాను.

అతను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"అది గూడా రాయక్కా" అన్నాడు.

ఈ డైరీలో అయితే రాశాను. పుస్తకంలో రాయడానికి చెయ్యి ఆడటం లేదు.