తోక లజీ, తల కిడ్నీ

మంగళవారం, రాత్రి

ఆస్పత్రి నేల మీది రంగు గీతలన్నీ కొత్త టైల్స్ కిందికి పోయాయి. తొమ్మిదేళ్లుగా తొండియార్‌పేట నుంచి బస్సెక్కి వెళ్లి వీల్‌చైర్లు తోస్తున్నాను. ఇంగ్లీషు అక్షరాలొచ్చు గానీ అంత పొడుగు బోర్డులంటే నాకు బెదురు. ఇన్నాళ్లూ పసుపు గీత వెంట పోతే గుండె డాక్టరు, నీలం గీత వెంట పోతే కిడ్నీ డాక్టరు. పొద్దున ఆ బోసి నేల చూస్తే ఎటు తోయాలో తెలియలేదు.

సరిగ్గా అప్పుడే నా వీల్‌చైర్‌లో కూర్చున్న తాత అడిగాడు. "కిడ్నీ డాక్టరు యాడుండాడు మా?"

తలెత్తితే నాలుగు బోర్డులు. నాలుగింటి చివరా అదే 'లజీ'. నర్సింగ్ చదివే మా అమ్మాయి జ్యోతి మొన్న కూర తరుగుతూ చెప్పింది గుర్తొచ్చింది. "తోక చూసి బెదరొద్దు మా. లజీ అంటే చదువు, అంతే. దేని చదువో తల చెప్తాది. కార్డియో అంటే గుండె, న్యూరో అంటే నరాలు, నెఫ్రో అంటే కిడ్నీ."

తలలు మాత్రం కూడబలుక్కున్నాను. మూడో బోర్డు నెఫ్రో. తోసుకుంటూ పోయాను. లోపల నిజంగానే కిడ్నీ డాక్టరు కూర్చుని ఉన్నాడు. ఆయన్ని చూసి నాకు నవ్వు ఆగలేదు.

పిల్లల వార్డు బోర్డుకు మాత్రం లజీ లేదు. రేపు అక్కడికి పంపితే ఎట్లా? జ్యోతి నిద్రపోయింది, పొద్దున అడగాలి...

పొద్దున వీల్‌చైర్ దిగేటప్పుడు తాత, "ఎంతదాకా చదివినావు మా?" అన్నాడు. ఇన్నేళ్లూ ఎవరడిగినా ఎనిమిదని తల దించుకుని చెప్పేదాన్ని. ఇవాళ వేరే మాట వచ్చింది.

"చదవతా ఉండా తాతా."