వెనక సీటు

జూన్ 9, సోమవారం

బండి మళ్లీ ఆగింది. నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా, సరిగ్గా నడిమధ్యన. తెల్లటి పొగ. తోసుకుంటూ మెకానిక్ యాదగిరి షెడ్డుకి. కొన్న నాటి నుంచీ దీన్ని చూస్తున్నది అతనే. ఇంజను మీద చెయ్యి ఆనించి, పెదవి విరిచాడు.

"ఇగ దీన్ని ఇడ్శిపెట్టుండ్రి సార్. నేనేదో చేసిస్త, కొన్ని దినాలు నడుస్తది. గంతే."

అది సరే. ఆ తర్వాత అడిగాడు చూడు... "వెనక షాకబ్జర్లు గింత టైట్ పెట్టుకున్నరేంది? ఇద్దరు కూసుంటే పెట్టుకునేటియి ఇవి. ఒక్కరే తిరుగుతున్నరు గదా. జర లూజ్ చేస్త, నడుం నొప్పి తగ్గుతది."

వద్దన్నాను. వాణి పోయిన సంగతి అతనికి తెలుసు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

జూన్ 10

నడుం నొప్పి. కూర్చుంటే ఒక రకం, పడుకుంటే ఇంకో రకం. అయినా వదులు చేయించను.

జూన్ 11, బుధవారం

కొత్త బండి కొనాలని క్లాసులో నోరు జారాను. అంతే! ఉద్యోగ నోటిఫికేషన్లు లేక ఈగలు తోలుకుంటున్న అశోక్‌నగర్ కోచింగ్ కుర్రాళ్లకి ఇంతకంటే పండగేముంది. నేను రీజనింగ్ చెప్పాల్సిన గంటలో వాళ్లు నాకు బైకులు చెప్పారు. రెండు పార్టీలైపోయారు.

ఒకళ్లది నేకెడ్. తొడుగేమీ లేకుండా ఇంజను బయటికే కనపడే బండి. నిటారుగా కూర్చోవచ్చు, గాలి నేరుగా ఛాతీకి కొడుతుంది, సందుల్లో సులువుగా తిరుగుతుంది. రెండో వాళ్లది ఫెయిరింగ్. ముందు నుంచి పక్కల దాకా ప్లాస్టిక్ తొడుగు. ట్యాంకు మీదికి వంగి తోలాలి. "ఔటర్ రింగురోడ్డు మీద పోతే మజా వేరే ఉంటది సార్!" "అరే, సార్ నడుం చూసినవా నువ్వు? వంగితే లేస్తడా?" గొల్లుమన్నారు. నేనూ నవ్వాను.

వెనక కూర్చునే వాళ్ల సంగతి ఒక్కడూ ఎత్తలేదు. వాళ్లకింకా ఎవరూ లేరు కదా.

జూన్ 12

బడి తెరిచారు. చిన్ని తొమ్మిదో క్లాసులోకి వచ్చింది. నడిచే వెళ్లింది. వాళ్లమ్మ పోయిన దగ్గర్నుంచి బండెక్కలేదు. "నడిస్తేనే బాగుంటుంది నాన్నా." వాన పడుతున్నా అదే మాట. అడగడం మానేశాను.

జూన్ 14, శనివారం

హిమాయత్‌నగర్‌లో షోరూమ్. రేష్మ అనే ఆవిడ ఓపిగ్గా చూపించింది. నేకెడ్ ఎక్కి కూర్చున్నాను. కాళ్లు రెండూ హాయిగా నేలకి ఆనాయి. సీటు పొడుగ్గా, మెత్తగా, చివరిదాకా ఒకటే. తెలియకుండానే చెయ్యి వెనక్కి పోయి దాన్ని నిమిరింది. తర్వాత ఫెయిరింగ్. నల్లది. అందగత్తె. కానీ బరువంతా మణికట్ల మీదే. వెనక సీటు పేరుకే — అరచేతంత ముక్క, అదీ ఎక్కడో ఎత్తున.

"వెనక ఎవరు కూసుంటరు సార్?"

"మా ఆవిడ."

వచ్చేసింది నోట్లోంచి. ఛీ.

"అయితే మేడమ్‌ని గూడ తీస్కరండి. ఆమెకు కంఫర్ట్ ఉందా లేదా చూస్కుంటే అయిపోతది."

అలాగే అన్నాను! అలాగే అని తల కూడా ఊపాను.

జూన్ 15, ఆదివారం

బర్కత్‌పుర నుంచి అక్క వచ్చింది, గోంగూర పచ్చడి సీసాతో. "నేకెడ్ ఏంట్రా ఖర్మ, పేరు పెట్టడానికి ఇంకేం దొరకలేదా వాళ్లకి" అని పడీ పడీ నవ్వింది. అయినా ఫోన్లో రెండు బొమ్మలూ చూసి దాని మీదే వేలు పెట్టింది. "ఇదే తీసుకో. ఇద్దరు సుబ్బరంగా కూర్చోవచ్చు." తర్వాత గొంతు తగ్గించి — "నల్లకుంట సంబంధం వాళ్లు మళ్లీ అడిగారురా. టీచరు, నెమ్మదస్తురాలు. సంవత్సరీకాలయ్యాకే లే. మాట అనుకుని ఉంచుకుంటే తప్పేంటి?"

వంటింట్లో గ్లాసు ఠంగున పెట్టిన చప్పుడు. చిన్ని వింది.

అక్క వెళ్లగానే వచ్చి ఫోను లాక్కుంది. "ఈ నల్లది తీసుకో నాన్నా."

"ఎందుకే?"

"దీని మీద వెనక ఎవరూ కూర్చోలేరు కదా."

అక్కేమో ఎవర్నో కూర్చోబెట్టాలని నేకెడ్ అంటోంది. ఇదేమో ఎవర్నీ కూర్చోనివ్వకూడదని ఫెయిరింగ్ అంటోంది. నాకూ నేకెడే కావాలి, వాణి జాగా పోకుండా. ఈ ముక్క ఏ మొహం పెట్టుకుని చెప్పను? పేరుకి రీజనింగ్ సారుని.

జూన్ 17, మంగళవారం

ఇక్కడైనా రాయాలి.

వాణికో అలవాటు. ఎక్కి, కొంగు సర్దుకుని, నా కుడి భుజం మీద రెండుసార్లు తట్టేది. అప్పుడే నేను క్లచ్ వదలాలి. పెళ్లయిన కొత్తలో సుల్తాన్ బజార్లో తను ఎక్కకుండానే కదిలి, కాచిగూడ దాకా ఒక్కణ్ణే కబుర్లు చెప్పుకుంటూ పోయాను. వెనక్కి వెళ్తే గాజుల కొట్టు ముందు నిలబడి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతోంది. ఆ రోజు పెట్టింది ఈ రూలు. చిన్ని పుట్టాక ముగ్గురం — చిన్ని మధ్యలో, తను చివర. చిన్ని తల మీదుగా చెయ్యి చాపి మరీ తట్టేది.

పోయిన వినాయక చవితి వానల్లో జ్వరం. "బండి మీద కూర్చోలేనండీ, ఆటో పిలవండి" అంది. మళ్లీ రాలేదు.

ఇప్పటికీ బండి స్టార్ట్ చేసి ఆగుతాను. క్రాస్‌రోడ్స్‌లో పచ్చలైటు పడ్డా ఆగుతాను. వెనక హారన్లు. "ఓ అన్నా, నిద్రపోతున్నవా!" భుజం మీద ఆ చోటు ఒక్కటే చల్లగా ఉంటుంది, మే నెల ఎండలో కూడా. తడుతుందేమోనని భయం. తట్టదేమోననీ.

జూన్ 19

రేష్మ ఫోను. "మేడమ్ ఎప్పుడొస్తరు సార్?" వాన కదా, రేపు చూద్దామన్నాను.

జూన్ 20

మళ్లీ ఫోను. ఊళ్లో లేదన్నాను.

ఊళ్లో లేదు. అబద్ధం కాదు.

జూన్ 21, శనివారం

తేల్చేశాను. ఫెయిరింగే. వెనక జాగాయే లేకపోతే ఎదురుచూడటమూ ఉండదు. చిన్ని బెంగ తీరుతుంది. అక్క నోరు మూతపడుతుంది. నడుమంటారా, దాని రాత. రేష్మకి చెప్పాను. రేపు సాయంత్రం బండి ఇంటికే పంపిస్తుందట, బిల్లు చేసేముందు ఒక రౌండు తోలి చూసుకొమ్మని.

చిన్నికి చెప్తే ఎగిరి గంతేసింది. "నేనూ వస్తా రౌండుకి."

"వెనక ఎవరూ కూర్చోలేరన్నావు?"

"నేను సన్నంగా ఉన్నా కదా. పడతాన్లే."

బండెక్కుతానంది. నా కూతురు బండెక్కుతానంది! కూరలో ఉప్పు వేశానో లేదో కూడా తెలియలేదు.

జూన్ 22, ఆదివారం

వరసగా రాయాలి.

చీకటి పడుతుండగా వచ్చింది బండి. తెచ్చిన మనిషి గేటు దగ్గర పెట్టి, తాళం నా చేతికిచ్చి, చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీదికి చాయ్ తాగడానికి వెళ్లాడు. ఎక్కాను. స్టార్ట్ చేశాను. "ఆగు నాన్నా, హెల్మెట్ తెస్తా" అని చిన్ని లోపలికి పరిగెత్తింది. ఆగాను.

భుజం మీద రెండుసార్లు.

కుడి భుజం. మెత్తగా, ఎప్పటిలాగే. ఎక్కిందనుకున్నాను. చిన్ని అనుకున్నానో, ఎవరనుకున్నానో... క్లచ్ వదిలాను. బండి వెనకవైపు కుంగింది, నాకు తెలుసు కదా ఆ బరువు. స్పీడ్ బ్రేకర్ దగ్గర నెమ్మదించి "గట్టిగా పట్టుకో" అన్నాను. నడుం చుట్టూ చెయ్యి పడలేదు. సందు చివర హ్యాండిల్ తిప్పాను. ఈ బండికి లైటు తొడుగుకే బిగించి ఉంటుంది, హ్యాండిల్‌తో పాటు తిరగదు. వెలుగంతా ఎదురుగోడ మీదే ఉండిపోయింది. నేను తిరుగుతున్న వైపు చీకటి. అద్దంలోకి చూశాను. నా భుజం తప్ప ఇంకేమీ కనపడదు అందులో. ఆపేసి వెనక్కి తిరిగాను.

అక్కడ, మా గేటు ముందు, చిన్ని. చేతిలో వాళ్లమ్మ హెల్మెట్.

ఇంజను ఆపి తోసుకుంటూ వచ్చాను.

"నేనెక్కలేదు నాన్నా."

"తట్టావు కదే."

"నేను లోపలున్నాను." నా మొహంలోకి చూసింది. "అమ్మ ఎక్కిందా?"

వెనక సీటు వైపు చూశాను. అవునన్నట్టే అయింది.

భయపడుతుందనుకున్నాను. కోపమొచ్చింది దానికి. "మరి నేనెక్కడ కూర్చోవాలి?" అంది. హెల్మెట్ నా చేతుల్లో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

జూన్ 23, సోమవారం

చిన్ని అన్నం తింది. నేను తినలేదు. చొక్కా విప్పి అద్దంలో భుజం చూసుకున్నాను, పిచ్చివాడిలాగా. ఏముంటుంది.

వెళ్లి, శనివారం మళ్లీ ఆగిపోతే షెడ్డులో వదిలిన పాత బండి తెచ్చుకున్నాను. యాదగిరి అడిగాడు, "షాకబ్జర్లు గట్లనే ఉండనియ్యాల్నా సార్?" ఉండనీ, చిన్ని ఎక్కుతుందేమో అన్నాను. పైకి అన్నది ఇదే మొదటిసారి.

రేష్మ మెసేజ్. "బిల్లు చేయాల్నా సార్? నల్లదేనా?" జవాబు రాయలేదు.

జూన్ 24, మంగళవారం

పొద్దున్నుంచీ ముసురు. బడికి టైమైపోతోంది. నేనేమీ అడగలేదు. బండి గేటు ముందుకి తెచ్చి, స్టార్ట్ చేసి కూర్చున్నాను. చిన్ని గొడుగు తెరిచింది. మళ్లీ మూసింది. వచ్చి ఎక్కింది.

నా వీపుకి ఆనుకుని కూర్చుంది, ముగ్గురం వెళ్లేటప్పుడు కూర్చున్నట్టే. వెనకంతా ఖాళీ.

"వెనక్కి జరిగి హాయిగా కూర్చోవే. బోలెడు చోటుంది."

"నా చోటిదే."

జేబులో ఫోను మోగింది. రేష్మ అయుంటుంది. మోగి మోగి ఆగిపోయింది. ఎదురింటి ఆవిడ వాకిట్లోంచి "ఏంది సార్, స్టార్ట్ అయితలేదా?" అని అరిచింది. అయ్యే ఉంది. ఇంజను నడుస్తూనే ఉంది.

చిన్ని తట్టలేదు. పద అని కూడా అనలేదు. నేను క్లచ్ వదల్లేదు. వానలో తడుస్తూ ఇద్దరం అలాగే కూర్చున్నాం.