ఉప్పేసి పెంచిన చెట్టు

12 జులై 1966
పటాన్‌చెరు. ఫ్యాక్టరీ క్వార్టర్సులో దిగి నెలయింది. గోదావరి లేదు, కాలవ లేదు, కొబ్బరాకు చప్పుడు లేదు. ఎటు చూసినా రాళ్ళే. అమలాపురం వెళ్ళిపోతానని రాత్రి ఆయన దగ్గర ఏడ్చాను.

14 జులై
ఆయన ఎక్కడో నర్సరీ నుంచి కొబ్బరి మొక్క తెచ్చారు. ఇది కాపుకొచ్చిన రోజున ఉద్యోగం వదిలేసి మనూరెళ్ళిపోదామని మాటిచ్చారు. మా వైపు వేసినట్టే గోతిలో దోసెడు ఉప్పేసి పాతాను. కాలనీ మాలి యాదన్నకి నవ్వాగలేదు. నవ్వుకోనీ.

3 మార్చి 1970
మొదలు కుండలా ఉబ్బింది. మట్టలు మాత్రం నాలుగే. అయినా ఏటా ఉప్పేస్తూనే ఉన్నాను. పాలుపోసే ఎంకమ్మ తడిమి చూసింది. "గీ చెట్టు కడుపుతోని ఉన్నదమ్మా, జెర మంచిగ సూసుకో" అంది.

9 మార్చి
ఇది కొబ్బరే కాదట! పక్క క్వార్టరు పరంజ్యోతి టీచరుగారు చెప్పారు. మారిషస్ ద్వీపంలో పుట్టిన చెట్టట, బాటిల్ పామ్. సంగారెడ్డిలో వాళ్ళ చర్చి కాంపౌండులో ఒకటి ఉందట. కోనసీమ మొగుడూ కోనసీమ పెళ్ళామూ, ఇద్దరం కలిసి కొబ్బరి మొక్కని పోల్చుకోలేకపోయాం. ఊళ్ళో తెలిస్తే పరువు పోతుంది. నవ్వుదామనుకున్నాను గానీ ఏడుపే వచ్చింది.

ఆయన వెళ్ళి చెట్టు మొదలు తడిమి చూశారు. తర్వాత, "ఏ కాయైనా సరే లక్ష్మీ, ఇది కాసిన రోజున వెళ్ళిపోదాం" అన్నారు.

10 మార్చి
ఉప్పేశాను.

22 మే 1975
అమలాపురం. తమ్ముడి పెళ్ళి. మాటల్లో "జెర ఆగు" అన్నానని పిల్లలంతా ఒకటే నవ్వు. రాత్రంతా కొబ్బరాకుల చప్పుడుకి నిద్ర పట్టలేదు. తెల్లారగట్ల ఫ్యాక్టరీ సైరన్ కోసం చెవులు వెతుక్కున్నాయి. ఎంకమ్మ చెట్టుకి నీళ్ళు పోస్తోందో లేదో. ఇంటి మీద బెంగగా ఉంది. ఏ ఇంటి మీదో రాయడానికి సిగ్గేస్తోంది.

18 జూన్ 1978
ఆయన ఈ మధ్య డ్యూటీ దిగగానే చెట్టు చుట్టూ తిరుగుతున్నారు. ఊళ్ళో ఇల్లు బాగుచేయించమని వాళ్ళన్నయ్యకి కబురు పెట్టారట. నాకిచ్చిన మాట ఇన్నాళ్ళూ గుండెల మీద ఉందట. నాకిక్కడే బాగుందండీ అని చెప్పబోయాను. ఆయన మొహం చూశాక నోరు రాలేదు.

2 జులై
గెల వేసింది. గోళీలంత కాయలు.

ఆయన షిఫ్టు నుంచి రాకముందే కోసేసి పెరట్లో గొయ్యి తీసి కప్పెట్టాను. అలవాటు కొద్దీ దోసెడు ఉప్పు కూడా వేశాను.