పదిహేడో నంబరు పూసింది

జూన్ 21
చెట్లు ఆగిపోయే ఎత్తు దాటాక ఇంకో పావుగంట నడక. గాలి చెవులు కోసేస్తోంది. మొక్కల సర్వేలో నాకు అప్పగించిన ప్లాట్‌లో పదిహేడో నంబరు మొక్కకి మొగ్గ! ఆరు వేసవులుగా చూస్తున్నాను — బొటనవేలంత ఎత్తు, ఆకుల నిండా తెల్లటి నూగు, అంతే. ఏళ్లతరబడి బలం కూడబెట్టుకుని ఒక్కసారే పూస్తుంది. గింజ రాల్చి చచ్చిపోతుంది. ఫోటో చూసి మా ఆయన రవి, "కాకిపిల్ల కాకికి ముద్దు" అన్నాడు. అననీ. వాలంటీర్లందరిలో నా షీట్లే నీట్‌గా ఉంటాయని సర్వే నడిపే లిండా అందరి ముందూ చెప్పింది.

జూన్ 30
పూసింది. బంతిపువ్వు రంగు. తూర్పుకి తిరిగి మహారాణిలా నిలబడింది. "మా కోడలు పెంచిన పువ్వు" అని అత్తయ్య తెనాలికి వీడియో కాల్‌లో చెప్పేశారు. పెంచలేదు, లెక్క రాస్తున్నానంతే... ఆ మాట అనలేదు నేను. వినడానికి బాగుంది.

జూలై 4
అత్తయ్యని పైకి తీసుకెళ్లాను. "రాళ్ల మీదే అడుగేయండి" అని పదిసార్లు చెప్పాను. ఆయాసపడుతూనే ఒక్క అడుగూ తప్పు వేయలేదు. మబ్బు కమ్మేసరికి హడావిడిగా దిగిపోయాం.
సాయంత్రం దేవుడి పటం దగ్గర దీపం. పక్కన నా పువ్వు.
"నీ పేరు మీదే పెట్టానమ్మా" అన్నారు అత్తయ్య.
తొక్కొద్దన్నాను. కోయొద్దని చెప్పాలని తట్టనే లేదు. బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను.

జూలై 5
షీట్‌లో పువ్వు ఎలా పోయిందో రాసే 'కారణం' గడి. రవి — "ఏదో యానిమల్ తినేసిందని ఎంటర్ చేసెయ్. ఎవరు చెక్ చేస్తారు?"
ఎవరూ చేయరు. అందుకేగా నన్ను నమ్మారు.
రాశాను: మనిషి కోశారు. మా ఇంటి మనిషి. తీసుకెళ్లింది నేనే.
పంపేశాను. తల దించలేదు.

జూలై 6
లిండా జవాబు. నిజం చెప్పినందుకు థాంక్స్. శనివారం ఆఫీసుకి రమ్మంది, ప్లాట్ ఫైల్ తెమ్మంది. ఎందుకో రాయలేదు.

జూలై 8
అత్తయ్యకి చెప్పక తప్పలేదు... ఒక్కసారే పూస్తుందని కూడా.
"ముందే చెప్పుంటే ముట్టుకునేదాన్నా?"
తర్వాత — "నేనూ వస్తాను. తప్పు నాదైతే నువ్వొక్కదానివే నిలబడతావా?"
"ఇంగ్లీష్‌లో ఏం చెప్తారు అత్తయ్యా?"
"నువ్వు చెప్పు. నేను పక్కనుంటా."
ఈవిడ కోడల్నని చెప్పుకోవడం ఇంత గర్వంగా ఎప్పుడూ అనిపించలేదు.

జూలై 11, శనివారం
ఫైల్ సర్దాను. ఆరేళ్ల కాగితాలు. తిరిగి నాతోనే వస్తాయో, ప్లాట్ ఇంకొకరికి ఇచ్చేస్తారో. తొమ్మిదికి బయల్దేరాలి, ఇంకా ఏడే అయింది. అత్తయ్య అప్పుడే షూస్ వేసుకుని గుమ్మం దగ్గర కూర్చున్నారు.