రొట్టెల పొయ్యి దగ్గర అన్న మాట

నాయనా బాసిల్,

ఆ సైప్రస్ దేశంలో, నికోసియా చలికి నీ దగ్గు తగ్గిందా? నేను చెబుతుంటే ఒకరు రాస్తున్నారు. చివరిదాకా చదివి, అప్పుడు తిట్టు.

నువ్వు ఏ మారుపేరుతో కథలు రాసేవాడివో సైన్యానికి చేరవేసింది నీతో చదువుకున్న నిమిర్ అని నీ పత్రికలో రాశావు. పదకొండేళ్ళుగా అతని గడప ఎవరూ తొక్కరు. మొన్న అతని కూతురికి వచ్చిన సంబంధం వాళ్ళు కూడా, వేగువాడి పిల్ల మాకొద్దన్నారు.

బయటపెట్టింది నిమిర్ కాదు. నేను.

ఆ రోజు రొట్టెల పొయ్యి దగ్గర పంతులమ్మ మాకు పేపరు చదివి వినిపిస్తోంది. ఆలివ్ చెట్లు నరకవచ్చిన సైన్యం జీపు మీదికి, నీలం దారంతో కుట్టిన చెప్పు విసిరిన ఒక తల్లి కథ. కింద నీ మారుపేరే ఉంది. "ఎవత్తో గానీ గట్టి ముండేనే!" అని అందరూ నవ్వారు. నాకు అక్షరం రాదు గానీ నా చెప్పు నాకు తెలియదా? "ఎవత్తో ఏమిటే, నేనే! రాసింది నా కొడుకే!" అన్నాను. వారం తిరక్కుండా నిన్ను పట్టుకుపోయారు, ఆపైన దేశం దాటించారు.

నువ్వు అసహ్యించుకుంటావని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. వచ్చే సంచికలో నా పేరు వేసి నిజం రాయి. అమ్మ కదా అని మెత్తగా రాశావో, ఊరుకోను.

దస్తూరీ గుర్తుపట్టే ఉంటావు. రాస్తున్నది నిమిరే. 'నేను' దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది. "రాయరా" అన్నాను. లేచి వెళ్ళి కాఫీ తెచ్చి నా ముందు పెట్టాడు. అతని ఇంటికి క్షమాపణ అడగవచ్చినదాన్ని, సరేనన్న మాట దక్కేదాకా మన ఆనవాయితీ ప్రకారం కాఫీ ఎలా ముట్టను? చల్లారిపోయింది.

క్షమించానని అతను ఇంకా అనలేదు. రాయడం మాత్రం మానలేదు.

మీ అమ్మ వేలిముద్ర