డిష్ తప్పు నాది, కాలిక్యులేటరు దశాంశానిది

నేను, గణితమూ భౌతికశాస్త్రమూ కలిపి చదివే డిగ్రీలో ఆఖరి సంవత్సరం విద్యార్థినిని, వయస్సు ఇరవై ఒకటి, హాస్టల్ పద్నాలుగో గది నివాసిని, ఎవరి బలవంతమూ లేకుండా, బుర్రలో గణితం సగం నిక్కచ్చిగానూ భౌతికం సగం సుమారుగానూ పనిచేస్తుండగా, నా చేత్తో రాసిన వీలునామా ఏమనగా: రేపు ఉదయం పది గంటలకు నాకు వైవా ఉంది. రెండు శాఖలవాళ్లూ ఒకే బల్ల వెనక కూర్చుంటారు. బతికి బయటపడతానన్న నమ్మకం నాకు లేదు. కాబట్టి నా ఆస్తులు ఈ కింది విధంగా చెందవలెను.

1. మా అన్నయ్యకు నా చెప్పులు. గణితం మేడ మూడో అంతస్తు దిగి, రోడ్డు దాటి, భౌతికం మేడకు ఐదు నిమిషాల్లో చేరడానికి మూడేళ్లు పరుగెత్తినవి. "ఒకటి రాకపోతే ఇంకోటన్నా వస్తుందనా, రెండు తీసుకున్నావ్?" అని చుట్టాలందరి ముందూ అడిగిన మహానుభావుడు కనుక వాటిని ఆయనే తొడుక్కొని తిరగవలెను. సైజు సరిపోదు. నాకు కావలసిందీ అదే.

2. గణితం చెప్పే నిరూపణ మేడంకు నా నోటుపుస్తకం. నేను "ఇది కనిపిస్తూనే ఉంది" అని రాసిన ప్రతిచోటా ఆవిడ ఎర్ర సిరాతో "ఎవరికి?" అని రాశారు. మొత్తం అరవై ఒక్కసార్లు. ఆవిడకు నా మీద అభిమానం ఉందని నిరూపించలేను గాని, కనిపిస్తూనే ఉంది.

3. భౌతికం చెప్పే సుమారు సార్‌కు నా గోడ గడియారం. వృత్తం లెక్కల్లో వచ్చే 'పై' (π) విలువ మూడంటారు, తొందరలో ఉంటే ఒకటంటారు. గడియారం పది నిమిషాలు ముందు, ఆయన పది నిమిషాలు వెనక. రెండూ కొట్టేసుకుంటాయి.

4. సదరు భౌతికం మేడ మీది డిష్ యాంటెన్నా హాస్టల్ వంట పిన్నికి. అది నాది కాదు, కాలేజీది. అయినా ఏడాదిగా దాని మీద మసిగుడ్డలు ఆరేస్తున్నది ఆవిడే.

5. నా గదిలో ఉండే దశాంశానికి. ప్రతి లెక్కా నాలుగు దశాంశాల వరకూ చూడందే అన్నం ముట్టదు కనుక ఆ పేరు. ఇక్కడ ఒక నేరం ఒప్పుకోవాలి.

గణితం మేడలో తీటా అంటే చుట్టూ తిరిగే కోణం, ఫై అంటే నడినెత్తి నుంచి కిందికి వంగే కోణం. రోడ్డు దాటితే ఇవే రెండక్షరాలు తారుమారు. మా ఇద్దరి ప్రాజెక్టు ఆ డిష్‌ను ఉపగ్రహం వైపు తిప్పడం. కోణాలు కట్టింది నేను, గణితం క్లాసు నుంచి వచ్చిన ఊపులో, గణితం పద్ధతిలో, ఏ పద్ధతో కాగితం మీద రాయకుండా. అది చూసి డిష్ బిగించింది దశాంశం, భౌతికం పద్ధతిలో. డిష్ ఆకాశాన్ని వదిలేసి కిందికి వంగి, పిన్ని వంటింటి కిటికీలోకి చూసింది. ఉప్పు ఎంత వేస్తున్నానో కనిపెడుతున్నారా అని పిన్ని పోట్లాటకు వచ్చింది.

బిగించడమే తప్పని సార్లు తేల్చారు. నా పొరపాటు నాకు ఆ వారమే తెలిసింది. కిక్కురుమనలేదు. దశాంశానికి మూడు మార్కులు, వాటితో మొదటి ర్యాంకూ పోయాయి. "నా చేతులే మంచివి కావే" అంటూ ఏడాదిగా ప్రతి మరనూ రెండుసార్లు తిప్పి చూసుకుంటోంది. రేపు తన వైవా నాకంటే ముందు. డిష్ సంగతి అడుగుతారు. మళ్లీ తన మీదే వేసుకుంటుంది. తప్పు నాది. ఏడాది నోరు మూసుకున్నందుకు నాకు చచ్చేంత సిగ్గుగా ఉంది. మూడేళ్లుగా తను కన్నేసిన నా పన్నెండు అంకెల కాలిక్యులేటరు తనకే చెందవలెను.

6. దీన్ని అమలు జరపవలసింది ల్యాబ్ అటెండర్ బాబాయి. రెండు మేడల తాళాలూ ఉన్నది ఆయన దగ్గరే.

నోటరీ ఆఫీసులో గుమస్తా అయిన మా మేనమామ చెప్పిన ప్రకారం, సాక్షి సంతకం పెట్టినవారికి వాటా దక్కదు. అయినా రెండో సాక్షిగా దశాంశాన్నే అడుగుతున్నాను. చదవనిదే తను సంతకం పెట్టదు, ముఖం చూసి చెప్పే ధైర్యం నాకు లేదు. సంతకం పెడితే కాలిక్యులేటరూ వద్దు, నేనూ వద్దు అన్నట్టే అనుకొంటాను.

తేదీ: వైవాకు ముందురోజు, సాయంత్రం ఐదు గంటలు.

సంతకం: పద్నాలుగో గది, కిటికీ వైపు మంచం.

సాక్షి 1: పదమూడో గది గురకల అక్క. చదవకుండానే పెట్టింది.

సాక్షి 2: పెట్టను. కాలిక్యులేటరు నాకు కావాలి. పోయినవి మూడు కాదే, 2.75. రేపు తొమ్మిదిన్నరకి నాతో పాటు లోపలికొచ్చి డిష్ సంగతి నువ్వే చెప్పు. చావడం తర్వాత చూసుకుందువుగాని. చెప్పులు అన్నయ్యకి అప్పుడే పంపకు, పొద్దున్న రోడ్డు దాటాలి.